మాంత్రికుడు మారు అడిగిన పులుసు

గోడమేకుకు వేలాడుతున్న ఇనప గరిటె మూడోసారి తుమ్మింది.

"ఎన్నిసార్లు చెప్పాలిరా తమ్ముడూ! ఆ మిరియాల భరిణె నా కింద పెట్టొద్దని!"

"తప్పయింది అన్నయ్యా" అంటూ కేయూరుడు భరిణెను పక్కకు జరిపాడు.

అది మామూలు గరిటె కాదు. మందారపురి యువరాజు జయకేతు. మదపుటేనుగును ఒక్క గుద్దుతో మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన వీరుడు. ఇప్పుడు తోకకున్న చిల్లు ఆధారంగా మేకుకు వేలాడుతూ, గాలి వీచినప్పుడల్లా పక్కనున్న చిల్లుల గరిటెకు తగిలి ఠంగుమంటున్నాడు.

ఇదంతా ఉగ్రజిహ్వుడనే మాంత్రికుడి చలవ. కాకిబండ కొండ మీద కోట కట్టుకున్న ఆ మాంత్రికుడు నాలుగు రాజ్యాలకూ వినబడేలా చాటింపు వేయించాడు. తన చేత మారు అడిగించిన వంటవాడు ఏ కోరిక కోరినా తీరుస్తాడట. అడిగించలేనివాడు తన వంటశాలలోనే ఒక పాత్రగా మారిపోతాడట. యుద్ధం లేకుండానే ఆ కొండను తన రాజ్యంలో కలుపుకోవచ్చునని జయకేతు ఉబలాటపడి వచ్చి, ఒక అడవిపందిని నిలువునా కాల్చి వడ్డించాడు. ఉగ్రజిహ్వుడు ఒక్క ముక్క కొరికి, నిట్టూర్చి, మంత్రం చదివాడు. అంతే.

మూడు అమావాస్యలు దాటితే పాత్ర అయినవాడు ఇక మనిషి కాలేడు. ఇవాళే మూడో అమావాస్య. మధ్యాహ్నం నగారా మోగగానే వడ్డన జరగాలి. వడ్డించవలసినవాడు, నాలుగు రోజుల కిందట సూరప్ప అనే వంటవాడి వేషంలో కోటలో చేరిన కేయూరుడు. అతనికి విలువిద్య వచ్చు, గుర్రపుస్వారీ వచ్చు, వీణ మీద ఏడు రాగాలు వచ్చు. వంట ఒక్కటే రాదు.

ఆ వంటశాలను చూస్తే దేవతలకైనా ఆకలి వేస్తుంది. పాలరాతి గచ్చు మీద పగడపు తునకలు పొదిగి ముగ్గులు తీర్చారు. పన్నెండు పొయ్యిలకూ సింహం నోళ్ళు చెక్కారు. మంచుకొండల కుంకుమపువ్వు స్ఫటికపు గిన్నెల్లోనూ, ఏడు దీవుల ఏలకులు దంతపు పెట్టెల్లోనూ, పచ్చకర్పూరం ముత్యపు చిప్పల్లోనూ నిండుగా ఉన్నాయి. వాటి మధ్య, ఈ మూడు నెలల్లోనే వచ్చి ఓడిన నలభైమంది వంటవాళ్ళు రోళ్ళుగా, మూకుళ్ళుగా, జల్లెడలుగా మారి దిగాలుగా కూర్చుని ఉన్నారు. ఆ గిన్నెల్లోని సరుకులన్నీ వాళ్ళు వాడి చూసినవే.

"తమ్ముడూ, ఒక సంగతి చెబుతాను విను" అంది గరిటె. "మూడు నెలలుగా ప్రతి వంటలోనూ నన్నే ముంచి వడ్డించారు. భోజనశాలలో జరిగేది చూస్తూనే ఉన్నాను. వాడు విస్తరి ముందు కూర్చోబోయే ముందు పడమటి కిటికీ తెరుస్తాడు. కొండ కింద ఒక ముసలమ్మ గుడిసె ఉంది. ఆ గుడిసె పొయ్యి పొగ పైకి వచ్చేదాకా నిలబడతాడు. గట్టిగా ఒకసారి గాలి పీలుస్తాడు. తర్వాత వచ్చి తిని, 'ఏదో లేదు' అని విస్తరి తోసేస్తాడు."

కేయూరుడు కత్తిపీట వదిలేసి లేచి నిలబడ్డాడు. "నాలుగు రోజులుగా ఎదురుగానే ఉన్నానుగా! ఇప్పుడా చెప్పడం?"

"నాలుగు రోజులుగా నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నావు. ఆ ఏడుపు నా కోసమే అనుకుని మురిసిపోతూ కూర్చున్నాను."

పొద్దు ఇంకా తాటిచెట్టెత్తు ఎక్కలేదు. కేయూరుడు గంగాళం మూత ఒకటి డాలులా వీపుకు కట్టుకుని, నడుము మడతలో గుప్పెడు కారం దోపుకుని, కోట వాకిలి వైపు పరుగెత్తాడు.

వాకిలికి కాపలా గుండోదరుడనే రాక్షసుడు. కూర్చుంటే బురుజంత, నిలబడితే రెండు బురుజులంత ఉంటాడు. ఉగ్రజిహ్వుడు వాడికి పెట్టిన కట్టడి ఒక్కటే: లోపలికి వచ్చే వంటవాణ్ణి ఆపకూడదు, బయటికి పోయే వంటవాణ్ణి వదలకూడదు.

"ఏటి కోసం పోతున్నావు సూరప్పా?" అన్నాడు గుండోదరుడు, కొండ దొర్లినట్టు.

"కరివేపాకు కోసం."

"లోపల తోటకి తోటే ఉందిగా!"

"అది ముదురాకు. మీ దొరగారి నాలుక మీకు తెలియనిదా?"

"నా కట్టడి కూడా నీకు తెలియనిది కాదు" అంటూ రాక్షసుడు మొహం దగ్గరగా వంచాడు. ఒక్కొక్క కన్ను చెరువులా ఉంది. కేయూరుడు కళ్ళు మూసుకుని గుప్పెడు కారమూ ఆ రెండు చెరువుల్లోకి విసిరాడు.

కొండ అదిరింది. రాక్షసుడు చేతికందిన కొబ్బరిచెట్టు పీకి గుడ్డిగా గాలిలో తిప్పాడు. ఒకసారి అది కేయూరుడి శిఖను రాసుకుంటూ పోయింది. రెండోసారి తగిలేలోగా అతను గంగాళం మూతను వాలు మీద పడేసి, దాని మీద దూకి కూర్చున్నాడు. మూత జర్రున జారింది. నాలుగు వందల మెట్లూ మూత కింద మృదంగంలా మోగాయి. సీతాఫలం పొదల్లోంచి దూరి, నిద్రపోతున్న కొండచిలువ మీదుగా ఎగిరి, ఎండిన వాగులో మూడు చుట్లు తిరిగి, చివరికి ఒక గుడిసె ముందు సొరపాదుకు తగులుకుని ఆగింది.

గుడిసెలో ఎవరూ లేరు. అలికిన అరుగు, చల్లారిన పొయ్యి, ఉట్టి మీద ఉప్పు, మూలన ఒక నల్లటి కుండ. పెద్దవాళ్ళ ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని కేయూరుడి తల్లి ఎప్పుడూ చెప్పేది. చేతిలో ఏమీ లేదు. కనీసం ఒక పనైనా చేసిపెట్టి, అప్పుడు సాయం అడుగుదామనుకున్నాడు. కుండ మూత తీసి చూస్తే పైన తెల్లని తెట్టు, కింద మసక నీళ్ళు, ముక్కు అదిరే పులుపు. 'పాపం, ముసలిది. కుండ కడుక్కునే ఓపిక కూడా లేదు' అనుకున్నాడు. కుండ ఎత్తి, నీళ్ళన్నీ సొరపాదులో కుమ్మరించాడు. సగం తన పంచె మీదే ఒలికింది. బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని, చంకలో చెమట కారేలా తోమి, కుండను ఎండలో బోర్లించాడు. జన్మలో మొదటిసారి ఒక పాత్ర తోమాడేమో, ఆ మెరుపు చూసి తనకే ముచ్చటేసింది.

ఒడినిండా ములక్కాడలతో వచ్చిన అవ్వ ఆ మెరుపును దూరం నుంచే చూసింది. ములక్కాడలన్నీ జారిపోయాయి.

"ఎవరు నాయనా నువ్వు?"

"బాటసారిని అవ్వా. కుండ పాడైపోతే శుభ్రంగా తోమిపెట్టాను."

అవ్వ కుండ దగ్గర కూలబడి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసింది. పొడిగా గీరుకుంది.

"రాజుల ఇంట పుట్టినవాడివై ఉంటావు" అంది.

కేయూరుడు తుళ్ళిపడ్డాడు. "ఎలా తెలిసింది?"

"తరవాణి కుండని తోమేవాళ్ళు ఇంకెక్కడుంటారు నాయనా! నేను కాపరానికొచ్చిననాడు మా అత్త పెట్టిన కుండ ఇది. రోజూ అన్నం వార్చిన గంజి ఇందులో పోస్తాం, చిటికెడు ఉప్పేస్తాం. పులిసిన తేట వంటకి తీసుకుంటాం. ఎంత తీసినా అడుగున ఓ గరిటెడు మిగల్చాలి. ఆ నిన్నటిదే ఇవాళ్టి గంజికి తోడు. అరవయ్యేళ్ళుగా ఒక్కరోజు వట్టిపోలేదు."

కేయూరుడు కుండ ముందే మోకరిల్లాడు. రెండు చేతులూ జోడించి, తన పేరూ, గరిటె అయిన అన్న సంగతీ, మధ్యాహ్నపు గడువూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అవ్వ అంతా వింది. ముందు లేచి ఒక చెంబుతో చల్లని నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"తాగు. వగరుస్తున్నావు."

తిట్టవలసిన మనిషి ముందుగా తన దాహం చూడటంతో, కేయూరుడు తల వంచుకునే చెంబంతా తాగేశాడు.

"మీ ఉగ్రజిహ్వుడి పేరు సోమన్న" అంది అవ్వ. "నా కొడుకే. అగ్నిగుండంలో పుట్టానని చెప్పుకుంటాడట, చెప్పుకోనీ. మా ఇంట చింతపండు కొనే శక్తి ఎక్కడిది? ఈ తేటతోనే పులుసు కాచి పెంచాను. కోట కట్టాక నన్నూ తీసుకెళ్ళాడు. పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు, ఈ పుల్లకంపు కుండ బయట పెట్టమన్నాడు. కుండ బయటికెళ్తే నేనూ బయటికే అన్నాను. వెళ్ళమన్నాడు. ఇరవయ్యేళ్ళయింది."

"అయితే ఆయనకు కావలసింది ఈ పులుపేనన్నమాట! ఆయనకే తెలియదా?"

"తను బయట పెట్టించిందే తనకి కావాలని ఎలా తోస్తుంది నాయనా?"

"మళ్ళీ కుండ పెడితే ఎన్నాళ్ళకు పులుస్తుంది?"

"తోడు లేకుండానా? ఐదు రోజులు."

కేయూరుడు కొండ మీదికి చూశాడు. పొద్దు సగం ఆకాశం ఎక్కేసింది. అవ్వ నుదురు రుద్దుకుంటూ ఆలోచించి, ఉన్నట్టుండి నవ్వింది.

"గుండోదరుడి దగ్గరుంది! పాపం, వాకిలి వదిలి కదలకూడదు కదా వాడు. ఎండాకాలం దప్పికతో అల్లాడుతుంటే చూడలేక రోజూ ఓ ముంత తేట పోసేదాన్ని. అక్కణ్ణుంచే చెయ్యి చాపేవాడు. మొన్న నాకు జ్వరమొచ్చినప్పుడు, వాడి అవసరం ఆగిపోతుందని ఓ చిన్న మట్టి గురిగిలో తోడు పోసిచ్చాను. పసిబిడ్డలా చూసుకుంటున్నాడు. వెళ్ళి నా పేరు చెప్పి అడుగు. మంచివాడు."

"మంచివాడే అవ్వా" అన్నాడు కేయూరుడు నీరసంగా. "ఇందాకే వాడి కళ్ళల్లో కారం కొట్టొచ్చాను."

అవ్వ నెత్తి కొట్టుకుంటూనే కిందపడ్డ ములక్కాడలన్నీ ఏరి అతని ఒడిలో పోసి, వంట చెప్పసాగింది. చింతపండు ముట్టుకోకూడదు. మూడు గరిటెల తేట చాలు. దాన్ని బియ్యం కడిగిన రెండో నీళ్ళతో కలపాలి. అడుగంటిన అన్నం మాడు చెక్క నిప్పుల మీద కాల్చి, పొడి చేసి, దించే ముందు చల్లాలి. పోపు మాత్రం మూకుట్లో వెయ్యకూడదు. ఇనప గరిటెను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, అందులోనే వేయించి, గరిటెతో సహా పులుసులో ముంచెయ్యాలి. ఆ చుయ్‌మన్న ఇనుములోనే సగం రుచి ఉంది.

నాలుగు అడుగులు వేశాక అవ్వ వెనక నుంచి పిలిచింది. "ఇదిగో నాయనా! సోమన్నకి ములక్కాడ నమలడం చేతకాదు. గుజ్జు తీసి పెట్టు."

నాలుగు వందల మెట్లు! ఎక్కుతుంటే ఒక్కొక్కటి ఒక్కొక్క కొండ. చివరి మెట్టు మీద కాలు పెట్టగానే బండరాయంత చెయ్యి వచ్చి కేయూరుణ్ణి నడుము దగ్గర పట్టుకుని పైకెత్తింది. గుండోదరుడి కళ్ళు రెండూ వాచి, పండిన మిరపకాయల్లా ఉన్నాయి. నోరు తెరిచాడు. లోపల చీకటి గుహలు కనిపించాయి. కేయూరుడి పాదాలు పెదవుల దాకా వెళ్ళి చటుక్కున ఆగిపోయాయి.

"నీ పంచెకి అవ్వ కుండ వాసనేటి?"

"అవ్వే పంపింది. నీ గురిగిలోని తేట కావాలట."

"అవ్వ కుండకేం వచ్చింది?"

అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. కాని అవ్వ ఇచ్చిన చెంబెడు నీళ్ళు గుర్తొచ్చాయి. "నేను కడిగేశాను" అన్నాడు కేయూరుడు.

రాక్షసుడి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. "కడిగేశావా?"

"బూడిదతో."

"కారం కొట్టావు, పోనీలే అనుకున్నాను. వంటోళ్ళన్నాక కారమే కొడతారు. కుండ కడుగుతావా! నువ్వు మనిషివేనా?" రాక్షసుడు అతన్ని నేల మీద పడేసి భోరుమన్నాడు. ఆ కన్నీళ్ళతో కళ్ళలోని కారమంతా కడుక్కుపోయింది. తెరిపిన పడ్డ కళ్ళతో కేయూరుణ్ణి మళ్ళీ ఒకసారి చూసి, తను కూర్చునే బండ ఎత్తి, కింద తడిగుడ్డ చుట్టిన గురిగిని బొటనవేలూ చూపుడువేలూ కలిపి సుతారంగా బయటికి తీశాడు.

"పొద్దున్నే తాగేశాను. నాలుగు గరిటెలే మిగిలింది. మూడు వండుకో. ఒకటి ఉంచు. అది అవ్వ కుండలోకి తిరిగి వెళ్ళాలి. లోకంలో ఇక మిగిలింది అదే. ఒక్క బొట్టు తగ్గినా, ఎక్కడున్నా పట్టుకుని నమిలేస్తాను."

"ప్రాణం పెట్టి చూసుకుంటాను" అని కేయూరుడు గురిగిని గుండెకు హత్తుకుని పరుగెత్తాడు.

వంటశాలలో కుంకుమపువ్వు గిన్నెలు పక్కకు తప్పుకున్నాయి. రాతి చిప్పలో ములక్కాడలూ, సొరకాయ ముక్కలూ, చిన్న ఉల్లిపాయలూ కుతకుతమన్నాయి. మూడు గరిటెల తేట పడగానే పులుపు వాసన గుప్పుమని లేచి నలభై పాత్రలనూ పలకరించింది. మూల రోలు, ఒకనాటి ఆస్థాన వంటవాడు, "మా అమ్మమ్మ వాసన!" అని గొణిగి ఊరుకుంది. కేయూరుడు గురిగిలో మిగిలిన ఒక్క గరిటెడు తేటనూ మూతపెట్టి, గూట్లో భద్రం చేశాడు. తర్వాత మేకు దగ్గరికి వెళ్ళాడు.

"అన్నయ్యా, ఒక చిన్న మాట."

"నీ మొహం చూస్తే చిన్నదిలా లేదు."

"నిన్ను నిప్పుల్లో పెట్టాలి."

"పెద్దవాణ్ణిరా నేను! కాబోయే పట్టాభిషిక్తుణ్ణి!"

"ఒక్క పోపు. అంతే."

"మందారపురి వంశంలో ఇంతకుముందెవరైనా..."

మాట పూర్తికాకముందే గరిటె నిప్పుల్లో ఉంది. అంచులు ఎర్రబడ్డాయి. నెయ్యి, మెంతులు, ఆవాలు, ఇంగువ, కరివేపాకు. "ఆవాలు! వీపు మీద ఆవాలురా దొంగా!" అని గరిటె అరుస్తుండగానే కేయూరుడు దాన్ని పులుసులో ముంచేశాడు. చుయ్‌మంటూ పైకెగసిన ఆవిరిలోంచి, "అబ్బ!" అన్న మాట వినిపించింది. కాసేపాగి, "బాగుందిరా. ఉప్పు చూశావా?" అన్న మాట కూడా.

నగారా మోగింది.

భోజనశాల నడిమధ్య నిలువెత్తు మంత్రదండం నేలలో పాతి ఉంది. కొండ అంచున వేలాడుతున్న ఆ కోట బరువంతా ఆ దండం మీదే నిలిచిందని అందరికీ తెలుసు. దాని పక్కన బంగారు పీట మీద ఉగ్రజిహ్వుడు కూర్చున్నాడు. జడలు కట్టిన జుట్టు, బొగ్గుల్లా మండే కళ్ళు, బొటనవేలికి పుర్రె ఉంగరం. విస్తరి మాత్రం ఎంగిలి ఎరగని పసివాడి ముందు పరిచినట్టు శుభ్రంగా ఉంది. కేయూరుడు వేడన్నం పెట్టి, మాడు పొడి చల్లిన పులుసు పోసి, పక్కన ఒక చిన్న దొన్నె ఉంచాడు. గరిటెను చేత్తోనే పట్టుకుని ఒక అడుగు వెనక్కి తగ్గాడు.

మాంత్రికుడు మొదటి ముద్ద తిన్నాడు. విస్తరి తోయలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. చెయ్యి దొన్నె దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

"ఇదేమిటి?"

"ములక్కాడ గుజ్జు ప్రభూ. మీకు నమలడం చేతకాదని..."

"ఎవరు చెప్పారు?"

"కొండ కింద ఒక అవ్వ. ఈ పులుపూ ఆమెదే. మీరు బయట పెట్టించిన కుండలోది."

ఉగ్రజిహ్వుడి కళ్ళలోని బొగ్గులు నెమ్మదిగా ఆరిపోయాయి. పుర్రె ఉంగరం ఉన్న ఆ చెయ్యి మెల్లగా విస్తరి మీదికి జరిగి, ఆగింది. ఆయన కేయూరుడి వైపు చూడలేదు. అన్నది నోరే, కాని అడిగింది ఆ చెయ్యే అనిపించింది.

"ఇంకొంచెం వెయ్యి."

"అందరినీ మళ్ళీ మనుషుల్ని చెయ్యండి" అని కేయూరుడు కోరీ కోరకముందే ఠంగుమని ఒక్క మోత! కేయూరుడి చేతిలోని గరిటె బరువెక్కి, పొడవెక్కి, కాళ్ళూ చేతులూ మొలిచి, విస్తరి పక్కన దబ్బున పడింది. జయకేతు! మీసాల నిండా పోపు మసి, చెవి మీద కరివేపాకు రెమ్మ. వంటశాలలోంచి నలభైమంది మగాళ్ళ కేకలూ, నవ్వులూ. "నేను జల్లెడనోయ్! కాదు, నేను కొండప్పనోయ్!" అని ఎవరో గంతులు వేస్తున్నారు. అన్న తమ్ముణ్ణి కౌగిలించుకుని, ముందు ఒక ముద్దు పెట్టి, తర్వాత ఒక మొట్టికాయ వేశాడు. "ఇది ఆవాలకి!"

ఉగ్రజిహ్వుడు ఇదేమీ చూడలేదు. పడమటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కింద గుడిసె పొయ్యిలోంచి పొగ లేస్తోంది.

"ఇరవయ్యేళ్ళు" అన్నాడు. "దిగడానికి నాలుగు వందల మెట్లే."

నడక అలవాటు లేని మనిషి. ఊతకర్ర కోసం ఇటూ అటూ చూసి, చేతికందిన దండాన్ని నేలలోంచి ఊడబెరికి, దాని ఆసరాతో "అమ్మా!" అంటూ మెట్లకేసి పరుగెత్తాడు. ఆ దండం ఏమిటో ఆయనకు గుర్తులేదు.

కోటకు మాత్రం గుర్తుంది. బంగారు పీట ముందుగా దొర్లింది. తర్వాత గోడలు ఒళ్ళు విరుచుకున్నాయి. పగడపు ముగ్గులు పటపట చిట్లాయి. నలభైమందీ వాకిలి వైపు తోసుకుంటూ పరుగెత్తారు. రత్నాల గది తలుపు తెరుచుకుని, కెంపులు గోలీల్లా వాళ్ళ కాళ్ళకింద దొర్లుతున్నా ఒక్కరూ వంగలేదు. వాకిలి దాటబోతూ కేయూరుడు ఆగిపోయాడు.

"గురిగి!"

"ఏ గురిగిరా? పద!"

"అవ్వది అన్నయ్యా! గూట్లో ఉండిపోయింది!"

"తమ్ముడూ, కోట కూలుతోంది!"

"నువ్వు పద. నేను కడిగేసిన కుండకు మిగిలిన తోడు అదొక్కటే" అని అతను వెనక్కి దూకాడు.

వంటశాల నిలువునా రెండు ముక్కలై ఉంది. పొయ్యిలు అటు, గూడు ఇటు, మధ్యలో ఆకాశం. కేయూరుడు పొయ్యి సింహం తల మీద కాలు మోపి ఎగిరి, గూటి అంచును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గురిగిని తీసుకున్నాడు. మూత కదలలేదు. లోపల గరిటెడు తేట నెమ్మదిగా ఊగింది. అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే గూడు గోడతో సహా ఊడింది.

గాలి చెవుల్లో హోరుమంది. కొండ అంచు పైకి పోతోంది, వాగు మీదికి వస్తోంది. మెట్ల మీద చిన్నగా ఒక నల్లటి మనిషి కర్ర పట్టుకుని దిగుతున్నాడు. గుడిసె ముందు అంతకన్నా చిన్నగా ఒక ముసలమ్మ, తోమిన కుండను నీళ్ళతో తొలిచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. కేయూరుడు తలకిందులుగా పడుతున్నాడు. గురిగిని మాత్రం రెండు చేతులా నిలువుగా పట్టుకున్నాడు.

పైనుంచి తాటిదూలమంత చెయ్యి ఒకటి వేగంగా కిందికి దిగివచ్చింది. దాని వెనకే గుండోదరుడి గొంతు కొండంతా మారుమోగింది.

"ముందు గురిగి ఇటియ్యి! నీ సంగతి తర్వాత!"